అద్దం లేని పటం

పెళ్ళిళ్ళలో నా పని పెళ్ళికూతురి వెనుక దాక్కోవడం. చదివేవారికి నవ్వు రావచ్చు గానీ, రెండో ప్రపంచ యుద్ధం జరిగినన్ని రోజులూ నేను చేసింది అదే.

మా ఆయన సిద్దిపేటలో ఫొటోలు తీసేవారు. ఆయన కెమెరా పాతది. పట్నంలో ఎవరో వాడేసి పక్కన పడేస్తే తెచ్చుకున్నారు. మూడు కాళ్ళ కొయ్య స్టాండు, వెనుక నల్లగుడ్డ, ముందు ఇత్తడి మూత. ఆ మూత తీసి, మెల్లగా మూడు అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ మూసేవారు. ఆ మూడు అంకెలసేపు ఎదుటి మనిషి కదలకూడదు. మగవాళ్ళు బిగుసుకుని కూర్చునేవారు. పెళ్ళికూతురు ఎట్లా కూర్చుంటుంది? రెండు రోజులుగా తిండి ఉండదు, నిద్ర ఉండదు. పూలజడ బరువొకటి. తల ఎత్తకూడదని ఇంటి ఆడవాళ్ళంతా చెప్పి ఉంటారు. అట్లా వంచిన తలను ఒక్కసారి ఎత్తమంటే వణుకుతుంది. వణికితే ఫొటోలో ముఖం ఉండవలసిన చోట మబ్బు కమ్మినట్టు అవుతుంది.

అందుకని నన్ను వెంట తీసుకుపోయేవారు. నేను పీట వెనుక కూర్చుని, మీద ముదురు రంగు దుప్పటి కప్పుకుని, ముందుకు రెండు చేతులూ పోనిచ్చి, జడ కింద మెడను పట్టుకునేదాన్ని. ఫొటోలో చూస్తే వెనుక పరదా ముడతలు పడినట్టు ఉంటుంది, అంతే. ఆ ముడత ఒక మనిషి అని చెబితే తప్ప తెలియదు.

ఇక ఆడవాళ్ళ హాస్యాలకు అంతు ఉండేది కాదు.

"ఏందమ్మా ఫొటువమ్మా, దయ్యం లెక్క ముసుగేసినవ్?"

"ముసుగు తియ్యకు తల్లీ, పిలగాడు తొందరల నీకు పుస్తె కట్టిపోతడు!"

నేను దుప్పటి కింద నవ్వుకునేదాన్ని. మా బాపు నాకు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. బడి ముఖం చూడలేదు, నలుగురిలో మాట్లాడడం రాదు. అట్లాంటి నాకు ఊళ్ళో సగం ఇళ్ళ ఆడవాళ్ళతో చుట్టరికం కలిపింది ఆ దుప్పటే. కనిపించని మనిషికి ఎవరైనా ఏదైనా చెప్పేస్తారు. మా ఆయన మూత తీసే ముందు అటూ ఇటూ సర్దుకునే ఆ కాస్త సమయంలో, పెళ్ళికూతుళ్ళు పెదవులు కదపకుండా నాతో మాట్లాడేవారు. ఒకతె తనకు భయంగా ఉందనేది. ఒకతె దాహం అనేది. ఒకతె వాళ్ళవ్వ ఎక్కడుందో చూసి చెప్పమనేది. నేను జవాబిచ్చేదాన్ని కాదు. బొటనవేలితో మెడ మీద ఒకసారి మెల్లగా నొక్కేదాన్ని, విన్నాను బిడ్డా అన్నట్టు.

వెలుతురు సంగతి కూడా కాస్త నాకు తెలిసింది. ఎండకు ఎదురుగా కూర్చోబెడితే ముఖాలు సున్నం కొట్టినట్టు వచ్చేవి. ఒకరోజు పొద్దున మా పూజగూట్లో దీపం పెట్టి చూస్తే, దీపం పక్కకు ఉన్నందుకు వేంకటేశ్వరస్వామి ఒక చెంప వెలిగి, రెండో చెంప నీడలో ఉంది. పటంలోని స్వామి ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు అనిపించింది. పెళ్ళికూతుళ్ళను కూడా తలుపు పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి పడేటట్టు కూర్చోబెట్టమని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వారు గానీ, విన్నారు. ఆ తరువాత తీసిన ఫొటోలలో మనుషులు మనుషుల్లాగా కనిపించారు. చెప్పినందుకు స్వామికీ, విన్నందుకు ఆయనకూ దండం పెట్టుకున్నాను.

యుద్ధం ముదిరేకొద్దీ పట్నం నుంచి సరుకు రావడం ఆగిపోయింది. అప్పట్లో ఫొటో ముందు అద్దం ప్లేటు మీద పడేది. ప్లేటు ఉంటే కాగితం మీదికి ఎన్నిసార్లైనా దింపుకోవచ్చు, అది పోతే ఇక ఏమీ లేదు. కొత్త ప్లేట్లు ఎప్పుడో గానీ దొరికేవి కావు. కాగితం అరుదు. చివరికి కిటికీలకు వేసే మామూలు అద్దం కూడా దొరకలేదు. ఫొటోల పని లేని నెలల్లో మేము దేవుళ్ళ పటాలు కట్టి ఇచ్చి బతికేవాళ్ళం. పటాలకు అద్దాలు కావాలి. పాత ప్లేట్లను కడిగి వాడుకుందామన్నారు మా ఆయన.

కడగడం నా వంతు. వేడినీళ్ళలో సోడా వేసి ప్లేటును కాసేపు నాననిస్తే, మీదనున్న పొర వదులవుతుంది. పీచుతో మెల్లగా రుద్దితే మనిషి బొమ్మ మొత్తంగా లేచి, నీళ్ళలో తేలి, మడతపడి, బేసిన్ అడుగుకు పోతుంది. మొదటిరోజు ఒక్క ప్లేటు కడిగి లేచిపోయాను.

ఏ ప్లేటు కడగాలి, ఏది దాచాలి అన్నది కూడా నేనే చూసేదాన్ని. కాగితం సంచుల మీద ఎవరిది ఏదో రాసింది నేనే కాబట్టి. మాకు ఒక లెక్క ఉండేది. ముసలివాళ్ళ ప్లేట్లు ముట్టుకోలేదు. పెద్దమనిషి పోయిన తరువాత కొడుకులు పరుగెత్తుకొచ్చి, ఒక్కటి దింపి ఇవ్వమని అడుగుతారు. ఎన్నిసార్లో అడిగారు. పెళ్ళికూతుళ్ళవి కడిగేశాం. పెళ్ళి అయిపోయింది, ఫొటో ఇంటికి పోయింది, పిల్ల నిండా నూరేళ్ళు ఉంటుంది. ఆమెకు ఈ ప్లేటుతో ఇంకేం పని? మాకు అందులో తప్పేమీ కనబడలేదు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి రాయాలి.

మా వీధి చివర కిరాణం దుకాణం వాళ్ళ ఒక్కతే కూతురు. చంద్లాపూర్‌లో వ్యవసాయదారుల ఇంటికి ఇచ్చారు. పెళ్ళినాడు నేను ఎప్పటిలాగే వెనుక చేరి మెడ పట్టుకున్నాను. పట్టుకోగానే పిల్ల భుజాలు ముడుచుకుంది.

"అత్తా, ముట్టకు, నవ్వొస్తది" అంది.

"ఊకోవే, ఫొటువ దిగుతున్నవ్, నవ్వొద్దు!" అని పక్కనున్న ముసలామె కసిరింది.

మా ఆయన మూత తీశారు. పిల్ల ఆపుకోలేక కిలకిలా నవ్వేసింది. ఆ ప్లేటు పాడైంది. రెండోది పెట్టే తొందరలో మా ఆయన చేతిలో ప్లేటు మూల చిట్లింది. చిట్లినా సరే, దాని మీదే తీశారు. ఈసారి పిల్ల ఊపిరి బిగబట్టింది గానీ, నా వేళ్ళ కింద నవ్వు కదులుతూనే ఉంది.

కాగితం కరువు కాబట్టి ఫొటో ఒక్కటే దింపాం. అది అత్తవారింటికి పోయింది. ఏడాది తిరిగాక పిల్ల తల్లి వారానికోసారి జరిగే అంగడిలో కనబడి, బిడ్డకు ఇప్పుడు ఏడో నెల కడుపని సంతోషంగా చెప్పింది.

"కాగితం నాలుగు తుంటలు దొరికినయక్కా, నీకూ ఒకటి దింపియ్యమంటవా?" అని అడిగాను.

"అయ్యో, బిడ్డ కండ్లముందట ఉండంగ కాగితమెందుకు చెల్లె? పురుటికి ఎట్లయినా నా దగ్గరికే వస్తది" అంది.

ఆ వారమే నేను ఆ ప్లేటును వేడినీళ్ళలో వేశాను. మూల చిట్లిన అద్దం ఎవరికీ ఇవ్వలేం కనుక, మా పూజగూట్లో స్వామి పటానికే వేయించుకున్నాను. చట్రంలో మూల కనబడదు. ఆ కరువులో స్వామికి అద్దం దొరికిందని ఎంత సంబరపడ్డానో. ఆ సాయంత్రం పటానికి రెండు బంతిపూలు ఎక్కువ పెట్టాను కూడా.

పిల్ల పురుటిలో పోయింది. బిడ్డా దక్కలేదు.

రెండు నెలల తరువాత ఒక అంగడి రోజు తల్లి మా గడపలోకి వచ్చి కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

"చెల్లె, నా బిడ్డ ఫొటువ ఒక్కటి దింపియ్యిండ్రి. వాళ్ళింట్ల ఉన్నది వాగుల వదిలిన్రట. కొత్త పిల్లను తెస్తున్రు గద, సచ్చినామె మొకం గోడకు ఉండొద్దన్నరట."

మా ఆయన లోపలినుంచి వచ్చి, "శాన ఉన్నయక్కా, ఎతకాలె. వచ్చే అంగడికి రా" అన్నారు.

ఆమె వచ్చే అంగడికి వచ్చింది. ఒళ్ళో పుంటికూర కట్ట తెచ్చింది. వద్దంటే వినలేదు.

"మీరు నాకోసం ఎతుకుతున్రు. ఊకె తీస్కునుడు నాకు మంచిగనిపియ్యది" అంది.

మా ఆయన వెనుక అర్రలోకి పోయి, పెట్టెలు అటూ ఇటూ జరిపిన చప్పుడు చేసి, వచ్చి తల అడ్డంగా ఊపారు. ఆమె సరేనని లేచి పోయింది. ఆ పుంటికూర వండాను గానీ, మా ఇద్దరికీ ముద్ద దిగలేదు. మూడో అంగడికి అనపకాయ తెచ్చింది. నాలుగో అంగడికి వాళ్ళ దుకాణంలోవి, కొత్త పెసర్లు. ప్రతిసారీ పెట్టెల చప్పుడు. మా ఆయన చెడ్డమనిషి కాదు. లేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. నాకూ రాలేదు.

ఆ నాలుగో అంగడిరోజు ఆమె పెసర్లు నా చాటలో పోస్తూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది.

"మొకం మతికొస్తలేదు చెల్లె. కన్నతల్లిని, నాకే వస్తలేదు. కండ్లు మూస్తే పాడె మీద ఉన్న మొకమే వస్తున్నది. పెండ్లినాటి మొకం ఒక్కసారి సూస్తే, గా మొకం పోతదేమోనని..."

వెనుక అర్రలో మా ఆయన పెట్టెలు జరుపుతున్నారు. ఇక ఒక్క అంగడి కూడా ఆ చప్పుడు వినలేననిపించింది.

"అక్కా, ఆ ప్లేటు లేదు" అన్నాను. "నేనే కడిగిన. పటాలకు అద్దాలు లేకపోతె కడిగిన."

లోపల చప్పుడు ఆగిపోయింది.

ఆమె చాటలో పెసర్లను చేత్తో సమం చేసింది. తరువాత, "అన్నీ కడిగిన్రా?" అంది.

అవునని అబద్ధం చెప్పవచ్చు. స్వామి గూడు నా ఎదురుగానే ఉంది.

"లేదక్కా. ముసలోళ్ళయి ఉంచినం. పోయినంక అడుగుతరని."

"ముసలోళ్ళయి దాసి, నా బిడ్డది కడిగిన్రా?"

గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

"ఆ అద్దమేది?"

నేను లేచి గూట్లోని పటం దించాను. వెనుక అట్ట విప్పి, అద్దం తీసి, కొంగుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తలుపు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. తిప్పి చూసింది. ఏటవాలుగా వంచి చూసింది. అద్దంలో మా ఇంటి చూరు కనిపించింది, వీధి కనిపించింది. నేను పీచుతో ఎంత బాగా రుద్దానో ఆరోజు తెలిసింది.

ఏదైనా ఇవ్వాలి ఆమెకు. నా దగ్గర ఉన్నది ఒక్కటే.

"అక్కా, ఆరోజు నేను మెడ పట్టుకుంటె నవ్వింది. ముట్టకు అత్తా, నవ్వొస్తది అన్నది. నవ్వు ఆపుకోలేక ఒక ప్లేటే ఖరాబు చేసింది."

ఆమె ముఖంలో ఏదో కదిలింది. "జడేస్తుంటె గూడ గంతే" అంది. "దువ్వెన మెడకు తాకితె సాలు, ఉరికిపోయేది. సగం జడతోని ఇల్లంత తిరిగేది." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వెంటనే నా చేయి పట్టుకుని ఆత్రంగా అడిగింది. "నవ్వినప్పుడు మొకం ఎట్లుండె చెల్లె? చెప్పు. నువ్వు దగ్గర్నే ఉంటివి గద."

ఎంత దగ్గరగా ఉన్నానో అంత వెనుక ఉన్నాను. దుప్పటి కింద చీకట్లో పూలజడ వాసన, వెచ్చని మెడ, వేళ్ళ కింద అదిరే నవ్వు. ముఖం నేను చూడలేదు.

"నేను ఎనుక ఉన్ననక్కా" అన్నాను.

ఆమె నా చేయి వదిలేసింది. అద్దాన్ని కొంగులో చుట్టుకుని లేచింది.

"నీకు దేవుడున్నడు. నాకు ఇది ఉండనియ్యి. నా బిడ్డ మొకం దీని మీదికెల్లే పోయింది గద" అంది.

గడప దాటి పోయింది. పెసర్లు తిరిగి అడగలేదు. మమ్మల్ని ఒక్క మాట తిట్టలేదు. తరువాత కూడా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏ పెళ్ళింటివాళ్ళు మమ్మల్ని పిలిచేవారు? ఆ తల్లి మౌనం మీద మేము బతికాం. పొద్దున దీపం పెట్టేటప్పుడు స్వామి తరువాత ఆమెకే దండం పెట్టుకుంటాను. ఆమె మాత్రం మళ్ళీ మా గడప తొక్కలేదు. వీధిలో ఎదురైతే తల తిప్పుకునేది. అది నాకు తగిందే.

స్వామికి ఇంకో అద్దం కోసి పెడతానన్నారు మా ఆయన. వద్దన్నాను. దీపం పొగకు పటంలో స్వామి పాదాలు నల్లబడ్డాయి, తరువాత మోకాళ్ళ దాకా. అట్లాగే ఉంచాను. ప్లేట్లు కడగడం మానేశాం. ఆ ఏడు చాలా రోజులు ఒక్కపూట గంజితో గడిపాం. మేము దాచిన ముసలివాళ్ళలో ముగ్గురు, యుద్ధం ముగిశాక కూడా అంగడికి వచ్చి బేరాలాడుతూనే ఉన్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా, వాళ్ళు చల్లగా ఉండాలనే అనుకుంటూ పక్క సందులోకి తిరిగేదాన్ని.

పెళ్ళిళ్ళకు పోవడం ఆపలేదు. కానీ అప్పటినుంచి, దుప్పటి కప్పుకునే ముందు పెళ్ళికూతురికి ఎదురుగా కూర్చుని, గడ్డం పట్టి తల ఎత్తి, ముఖం పూర్తిగా చూసేదాన్ని. కనుబొమ్మలు, ముక్కు పక్కన మచ్చ, ఏడ్చి వాచిన రెప్పలు. వెనుక ఆడవాళ్ళకు ఓపిక ఉండేది కాదు.

"ఏంది ఫొటువమ్మా గంతగనం సూస్తున్నవ్? పిల్లకు దిష్టి పెడ్తవా?"

"అయిపాయె తల్లీ, అయిపాయె" అనేదాన్ని. అని, ఇంకొంచెంసేపు చూసి, అప్పుడు లేచి వెనక్కి పోయేదాన్ని.