యాభై రెండు వచ్చినామె

అది గురువారం, పొద్దుగాల పదకొండుకు పది నిమిషాలు తక్కువ. చందానగర్‌ల డాక్టరమ్మ ముందర కూసున్నం, నేనూ నా కోడలూ. నా షుగర్ మిషన్‌ల పడ్డ నంబర్లన్నీ కోడలి ఫోన్‌లకు ఎక్కుతయి. ఆ ఫోన్ డాక్టరమ్మ చేతిల ఉన్నది. ఆమె కిందికీ మీదికీ జరుపుతనే ఉన్నది, మందు చీటీ రాస్తలేదు.

"అమ్మా, ఇదంతా మీ ఒక్కరి రక్తమేనా?" అని అడిగింది చివరికి.

కోడలు నా దిక్కు తిరిగింది. కోస్తా పిల్ల, సాఫ్ట్‌వేర్ కొలువు. నెల దినాల సంది ఆ ఫోన్ పట్టుకొని నా పానం తీస్తున్నది. ఒకనాడు మూడొందల నలభై వచ్చింది, స్వీట్లు తిన్నారా అత్తయ్యా అంటది. మర్నాడు అన్నం మానేశారా ఏంటండీ అంటది. తిన్నా అన్నా నమ్మదు, తినలే అన్నా నమ్మదు.

అన్నీ నావి కావని చెప్పిన. దాచేటందుకు ఏమున్నది.

హైటెక్ సిటీల ఒక అద్దాల బిల్డింగ్‌ల నేను హౌస్ కీపింగ్ చేస్త. ఆరింటికి డ్యూటీ. సెల్లార్‌ల మేం బట్టలు మార్చుకునే గది ఉంటది. ఆడోళ్లందరిల పెద్దదాన్ని నేనే. యాభై దాటినంక అక్షరాలు నేర్చిన, ఆ ఆఫీసు పిల్లలే శనివారాలు కూసోబెట్టి నేర్పిన్రు. కోడలు మిషన్ కొనిచ్చినంక బ్యాగుల ఏసుకొని పోయిన. ఒకామె అక్కా జర నాకూ చూడు అన్నది. తోడుకు ఇంత పెరుగు అడిగితే లేదంటమా? చూసిన. ఆమెను చూసి ఇంకో ఇద్దరు వేళ్లు చాపిన్రు. సూది మాత్రం ఎవరికి వాళ్లకు కొత్తది పెట్టిన, గంత తెలివి లేనిదాన్ని కాదు. నంబరు చదివి చెప్పేది నేనే. చదువు రానోళ్ల నడుమ ఒక్కతే చదువుతుంటే గర్వముంటది, లేదంటే అబద్ధం.

యాప్‌కు ఏమెరుక, వేలు ఎవరిదో. నలుగురి రక్తం కలిపి నా పేరు మీద ఒకటే గీత గీసింది. డాక్టరమ్మ ఆ గీత చూసే నాకు ఇన్సులిన్ పెంచుదామా అని ఆగిందట.

ఎక్కువున్నోళ్ల సంగతి తర్వాత చూద్దామని, ఫోన్ నా దిక్కు తిప్పి ఎర్రగున్న చుక్కలు చూపించింది. అరవై ఒకటి. యాభై ఎనిమిది. ఆ పొద్దుగాలే డ్యూటీల, నేను పర్మిషన్ పెట్టి రాకముందు, ఆరూ పదికి యాభై రెండు.

"ఈ మనిషి ఇప్పుడు ఎక్కడుంది?"

నాలుగో అంతస్తు ఊడ్చే ఆమె. నాకన్న పన్నెండేండ్లు చిన్నది, నన్ను అక్కా అంటది. నాకు షుగర్ వచ్చి ఏడేండ్లు. ఈ ఏడేండ్లు ఎవరి కాడికి పోయినా తగ్గించు, తగ్గించు అన్నోళ్లే. ఎంత తగ్గితే అంత మంచిదనుకున్న. మరీ తగ్గితే మనిషి పడిపోతదని నాకెవరూ చెప్పలే. చెప్పిన్రేమో, నేనే వినలేదేమో. ఆ పొద్దుగాల యాభై రెండు చూసి ఆమె భుజం తట్టి, అందరిల నువ్వే ఫస్టు, ఇగ ఫికర్ లేదు అన్న. అంతకుముందు అరవై ఒకటి వచ్చి నేను మొదటిసారి మెచ్చుకున్నప్పుడే ఆమె తన షుగర్ గోలి మంచిగ పని చేస్తున్నదని మురిసి, పొద్దుటి చాయ్ గూడ బంద్ చేసింది. ఐదింటికి పరిగడుపున గోలి ఏసుకొని వస్తది. తినేది పదకొండున్నరకు.

ఇది చెప్తుంటే డాక్టరమ్మ ముఖం మారింది. వెంటనే ఫోన్ చేసి తియ్యటిది ఏదన్నా తినమనమన్నది. డ్యూటీల మా ఫోన్లన్నీ లాకర్‌ల ఉంటయి. సూపర్‌వైజర్‌కు చేస్తే ఎత్తలే. మా బిల్డింగ్ రిసెప్షన్ పిల్ల లైన్‌ల ఉండమని పాట పెట్టింది.

కోడలి స్కూటీ ఎక్కిన. హఫీజ్‌పేట బ్రిడ్జి మీద బండ్లు కదులుతలేవు. దిగి నడుస్త అన్న, కూర్చోండి అని కసిరింది. ఎర్రచుక్క నీ ఫోన్‌ల కనపడ్డది గదా, నాకెందుకు చెప్పలేదని నేను ఆమె మీదికి లేసిన. అన్నం మానేశారా అని అడిగింది అందుకే కదండీ, మీదే అనుకున్నాను అన్నది. కొత్తగూడ సిగ్నల్ కాడ నా వేళ్లు ఆమె భుజంల గుచ్చుకుంటున్నయట, నాకు తెలుస్తనే లేదు.

నా మెడల కార్డున్నది, నేను ఉరికిన. కోడల్ని గేటు కాడ ఆపిన్రు. సర్వీస్ లిఫ్టు రానీకె ఎంతసేపో. నాలుగో అంతస్తుల మీటింగ్ రూమ్ కాడ ఆమె నిలబడే ఉన్నది. బతికిన అనుకున్న. దగ్గరికి పోతే తుడిచిన అద్దాన్నే మల్ల తుడుస్తున్నది. ఏసీల చీర తడిసిపోయింది. పిలిస్తే చూసింది గని, నన్ను పోల్చుకోనీకె జర సేపు పట్టింది.

"అక్కా, నువ్వు పర్మిషన్ పెట్టినవ్ గదా," అన్నది, నాలుక మడతపడ్తున్నట్టు.

రెక్క పట్టుకొని పాంట్రీకి గుంజుకపోయిన. కాఫీ మిషన్ పక్కన చక్కెర పొట్లాలు ఉంటయి, నాలుగైదు చింపిన, తొందరల సగం కింద పోసిన. పాంట్రీ చూసే పెద్దమనిషి నన్ను పక్కకు జరిపి గ్లాసుల కలిపిచ్చిండు. తాగించినం. మిషన్ పెడితే నలభై తొమ్మిది. కోడలు లోపలికి వచ్చి డాక్టరమ్మను లైన్‌ల పెట్టింది. పావుగంట ఆగి మల్ల చూడాలట. ఆ పావుగంట నేను కూసోలే. గడియారం చూస్త, ఆమె ముఖం చూస్త, మల్ల గడియారం. రెండోసారి ఎనభై ఆరు వచ్చింది. ఆ నంబరు నేను చదవలే, కోడల్ని చదవమన్న.

ఆమె కండ్లు తేటపడ్డయి. ఎదురుంగ కూసొని చెప్పిన: "పొద్దుగాల నీకు తప్పు చెప్పిన. యాభై రెండు మంచిది కాదు. నాకు అప్పుడు తెల్వదు."

"తెల్వకుంటె ఎందుకు చెప్పినవక్కా?"

కోపంగ అనలే, ఊకెనే అడిగింది. ఇప్పటికీ పొద్దుగాల మిషన్ చేతిల పట్టుకుంటే ఆ మాటే వినపడ్తది.

యాప్‌ల ఆ రెండు నంబర్లు గూడ నా ఒక్కదాని పేరు మీదనే ఎక్కినయి గని, ఆ దినం ఆ పాంట్రీల ఉన్నోళ్లు: నాలుగో అంతస్తు ఊడ్చే ఆమె, చక్కెర నీళ్లు కలిపిన పెద్దమనిషి, రిజిస్టర్‌ల రాయించుకోకుండనే నా కోడల్ని తోలుకొచ్చిన సెక్యూరిటాయన, కాఫీకి వచ్చి ఖాళీ కప్పుతోని నిలబడిపోయిన ఆఫీసు పిల్ల, నా కోడలు, నేను.