బుద్రమ్మత్త కొసరు

అల్లం మీది తడిమన్ను వాసన చేతికి అంటుకుంటే, నాకు ఇప్పటికీ బేరంలో ఓడిపోయిన సంగతే గుర్తొస్తుంది. ఈ ఉదయం అరకు సంతలోనూ అదే జరిగింది. పక్క మైదానంలో నవ్వుల పండుగకు మైకులు సరిచూస్తున్నారు. ఏటా చలికాలంలో ఎన్నో దేశాల హాస్యగాళ్లు మా లోయకు వచ్చే పండుగ అది. అందులో మొదటి మాట ఇప్పుడు కొండవాళ్లది. ఆ చోటు సంపాదించిపెట్టింది అల్లం అమ్ముకునే బుద్రమ్మత్త.

మాది కొండ కింది ఊళ్ల నుంచి వచ్చిన బట్టలకొట్టు కుటుంబం. నాకు బేరం ఉగ్గుపాలతోనే పట్టారని గర్వం. పెళ్లికాని ఆడపిల్లగా ఉన్నప్పుడు ఓసారి ఆమె బుట్ట ముందు కూర్చుని, ముక్కలు వంకరగా ఉన్నాయని ధర దించబోయాను.

“తిన్నగుంటే కర్రంటారు గుంటా, అల్లమంటారేటి?” అంది.

అమ్మేవాళ్ల వరసంతా నవ్వింది. నేనూ నవ్వి, అడిగినంతా ఇచ్చాను. అప్పుడు గుప్పెడు అల్లం అదనంగా నా సంచిలో వేసింది. అలిగినవాళ్లకూ అరిచినవాళ్లకూ ఆమె దగ్గర కొసరు లేదు, నవ్వినవాళ్లకే.

పండుగ మొదలైన ఏడాది ఇక్కడి కొండ ఆడవాళ్లను ధింసా నాట్యం ఆడుతూ అతిథులను వేదిక దాకా తీసుకురమ్మన్నారు. అంతే, మైకు ఇవ్వలేదు. మరుసటేడు నిర్వాహకులు తెరగుడ్డ కోసం మా కొట్టుకొచ్చారు. బుద్రమ్మత్తకు పది నిమిషాలిస్తే ధర తగ్గిస్తానన్నాను. ఐదు దగ్గర తెగింది. గుడ్డ మీద ఏమీ మిగల్లేదు గానీ, గెలిచానని చెప్పుకోదగ్గ బేరం నాకు అదొక్కటే.

ఆమె మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. “నా మాటకి నవ్వాల. నా కోకకి నవ్వితే దిగొచ్చెత్తాను,” అంది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. అంతమందిలో ఆమె నవ్వులపాలైతే, తీసుకెళ్లి నిలబెట్టింది నేనే.

బుట్టతో వేదికెక్కగానే, మోకాళ్ల దాకా కట్టిన ఆమె కోక చూసి ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను తల దించుకున్నాను.

“నానింకా నోరిప్పనేదు బాబూ. ఆ నవ్వు దాసుకో, సలికి పనికొత్తాది.”

మైదానం ఘొల్లుమంది. తర్వాత ఒక విదేశీ హాస్యగాడు ఆటపట్టించడానికి ఆమె బుట్టలోంచి అల్లం తీసి, వంకర చూపించాడు. నాకు చెప్పిన మాటే అతనికీ చెప్పింది. మనవాళ్లు నవ్వారు. అనువాదం అతని చెవిన పడేదాకా ఆమె ఓపిగ్గా నిలబడింది. అతను పగలబడి నవ్వాక, గుప్పెడు అల్లం తీసి అతని జేబులో కూరింది.

ఆ మరుసటేడు నుంచి పండుగ కొండవాళ్ల మాటతోనే మొదలవుతోంది. కూరలమ్మే అమ్మాయిలు వేదిక మీద చెప్పబోయే మాటలను ముందు సంతలో, బేరాల మధ్య పరీక్షించుకుంటారు. నిరుడు ఒకమ్మాయి తన ఇంటి భాషలోనే చెప్పి నవ్వించింది.

బుద్రమ్మత్త పోయి రెండేళ్లయింది. ఇవాళ ఆమె కూతురి బుట్ట ముందు కూర్చుని, అల్లం వంకరగా ఉందని కావాలనే అన్నాను.

“నీ కొట్లో గుడ్డ తిన్నగా కోసిన నాడు సెప్పు వదినా,” అంది.

అడిగినంతా ఇచ్చాను. నిజమే, నా కత్తెర తిన్నగా పోదు. ఎదురుగా ఎవరైనా నవ్వితే, కొలతకు బెత్తెడు అవతలికి జరిగి కోస్తుంది.