నాన్నగారికి సరిపడ్డ తుపాకీ

తొంభైల్లో మా వైపు ఇంటికి రక్షణంటే ఒక కుక్క, ఒక గడియ, కేకేస్తే పలికే పక్కింటివాళ్ళు. అంతకుమించి కావాలని ఎవరూ అనుకునేవారు కాదు. మా ఇల్లు మాత్రం ద్రాక్షారామం దగ్గర కొబ్బరితోట మధ్యలో ఒంటరిగా ఉండేది. ఆ ఏడాది అవతలి తోటవాళ్ళింట్లో పట్టపగలే దొంగలు పడేసరికి నాన్నగారు తుపాకీ లైసెన్సుకి అర్జీ పెట్టారు. నెలల తరబడి తిరిగాక అది చేతికొచ్చిన రోజున నన్ను పిలిచి, "నువ్వూ రారా. కాలేజీలో తుపాకీ పట్టావు కదా" అన్నారు. (పట్టిన మాట నిజమే. ఎన్‌సీసీ పరేడ్‌లో భుజాన వేసుకుని నడిచాను. పేల్చమని ఎవరూ అనలేదు.) వంకాయలు తేవడానికి కూడా నన్ను నమ్మని మనిషి ఆయన. నాకు ఇరవై ఏళ్ళొచ్చాక మొదటిసారి నా సలహా కోరారని నేల మీద కాలు ఆనలేదు.

రాజమండ్రిలో తుపాకుల కొట్టాయన బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి వెండిరంగు నగిషీల డబుల్ బ్యారెల్. రెండోది పొట్టిగా, సాదాగా ఉన్న సింగిల్ బ్యారెల్. నాన్నగారి చూపు నగిషీల మీదే ఉంది. కొబ్బరికాయలు ఎంచే అలవాటు కదా, తుపాకీ చెక్కని వేలితో కొట్టి, చెవి దగ్గర ఊపి విన్నారు. "అందులో నీళ్ళుండవండి" అన్నాడు కొట్టాయన వినయంగా. నేను పెద్దరికం తెచ్చుకుని, "ఓసారి భుజానికి ఆనించండి నాన్నగారండి, పది లెక్కపెడతాను" అన్నాను. నాలుగుకి గొట్టం వంగింది. ఏడుకి కొట్టాయన కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. నాన్నగారు సన్నటి మనిషి, ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ పైకి అనం. నేను అనేశాను. "ఇది మీకు బరువండి. ఆ పొట్టిదే తీసుకోండి." ఆయన ముఖం కందిపోయింది. పొట్టిదే కొన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కన ఖాళీ ఉన్నా వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. ఇక జన్మలో నన్ను దేనికీ పిలవరనుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

సాయంత్రానికి కొత్త గేదెను చూడ్డానికి వచ్చినట్టు ఊరంతా వచ్చింది. అమ్మ తుపాకీకి బొట్టు పెట్టి, వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది. మా పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "అంత దూరం వెళ్ళి ఒంటి గొట్టందేంటి తమ్ముడూ?" అన్నాడు. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను.

"మావాడు ఎంచాడన్నయ్యా. నేను ఎత్తలేనిది గోడకి తగిలించుకుని ఏం చేసుకుంటాను?" అన్నారు నాన్నగారు.

డిగ్రీ పాసైనప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు.

ఆ తుపాకీ ఏ దొంగ మీదా పేలలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించేవాళ్ళం కాబట్టి మా ఇంటికి కాపలా కాసినదానికంటే పోలీసులు దానికి కాపలా కాసిందే ఎక్కువ. ఇప్పుడు నాకు ఆనాటి నాన్నగారి వయసు. చుట్టాలు దొంగల మాటెత్తితే చాలు, నేను ఈ కథలోకి దిగుతాను. మా ఆవిడ లేచి, "ఇంకో అరగంట పడుతుందండి, కాఫీ పెట్టుకొస్తాను" అంటుంది. పెట్టనీండి. ఆ కాఫీ వచ్చేదాకా నాకు ఇరవై ఏళ్ళే.