కొత్త ల్యాప్‌టాప్‌లో పాత సీడీ వేసిన రోజు

నాకు భయం పుట్టుకతోనే వచ్చింది. ఫోన్ మోగితే ఎవరికేమైందో అనుకుంటాను, మోగకపోతే ఫోన్ చేయలేని స్థితిలో ఉన్నారేమో అనుకుంటాను. మా ఆయన దీనికి తెగ నవ్వేవాడు. ఆయనకు భయమంటే తెలియదు. ఆయన వంతు భయం కూడా నేనే పడుతుంటాను.

కోరుట్లలో మాది చిన్న ఫోటో స్టూడియో. ముందు గదిలో స్టూడియో, వెనక కాపురం. పెళ్లిళ్లలో ఫోటోలు తీసేది ఆయన, వాటిని కంప్యూటర్లో ఆల్బంగా కూర్చేది నేను. మా పాత కంప్యూటర్ జగిత్యాలలో ఒక షాపతను పార్టులు కొని బిగించి ఇచ్చింది. అప్పుడే ఒక సీడీ కూడా చేసిచ్చాడు. కంప్యూటర్ నడవడానికి కావలసిన సిస్టం, మా ఆల్బం సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్లు అన్నీ అందులోనే. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల నిండా వైరస్‌లే కాబట్టి ఆ సీడీతో మాకు తరచూ పని పడేది. అది వేసి ఒక్క బటన్ నొక్కితే సీ డ్రైవ్ మొత్తం చెరిగిపోయి మొదటి రోజులా తయారయ్యేది. డీ డ్రైవ్‌లో దాచిన ఫోటోలు మాత్రం చెక్కుచెదరకుండా ఉండేవి. ఈ చుట్టుపక్కల స్టూడియోల వాళ్లందరిదీ ఇదే లెక్క. డీలో వేశామంటే బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ఆ శ్రావణంలో పిడుగు పడి పాత కంప్యూటర్ పోయింది. ల్యాప్‌టాప్ కొన్నాం. దాని సిస్టం దాంతోనే వచ్చింది, షాపులోనే డీ డ్రైవ్ కూడా చేయించుకున్నాం. అందులో మొట్టమొదట వేసినవి సిరిసిల్లలో తీసిన ఒక పెళ్లి ఫోటోలు. కెమెరా కార్డు ఖాళీ చేసుకుని మా ఆయన వేములవాడలో ఇంకో పెళ్లికి పోయాడు. వచ్చేటప్పటికి కార్డు మళ్లీ నిండింది.

సిరిసిల్ల పెళ్లికూతురి తండ్రి మరమగ్గాలు నడిపే మనిషి. బిడ్డ పెళ్లయిన కొన్నాళ్లకే ఛాతీలో నొప్పని కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. ఆ అమ్మాయి మా ఆయనకు ఫోన్ చేసింది.

"అన్నా, దినాలకు నాయిన ఫోటో పెట్టాలె. ఆధార్ కార్డుల ఉన్నది జూస్తే ఎవరో తెలుస్తలేదు. సుట్టాల ఫోన్లన్ని ఎతికినం, యాడ జూసినా ఈపే కనవడుతున్నది, మొకం లేదు. మీరు తీసిండ్రు గదా. రేపు నేనే వస్త."

"రా చెల్లె, మంచిగ పెద్దగ చేసి పెడుత" అన్నాడు.

ఆ ఫోటో నాకు తెలుసు. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేటప్పుడు చూసి ఆగాను. పెళ్లికూతురి తండ్రి ఆ రోజంతా వంటల దగ్గరే తిరిగాడట. మా ఆయన బలవంతంగా నిలబెడితే, బగారన్నం గరిటె వెనక్కి దాచుకుంటూ ఒక్కసారి ఇటు తిరిగాడు. పక్కనున్న వాళ్లను తీసేసి ఆయన్ని ఒక్కణ్ణి పెద్దగా చేయాలి. కానీ మా పాత సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్ సిస్టంలో తెరుచుకోలేదు. ఎన్నిసార్లు నొక్కినా అదే. ఇందులో కూడా పాత సిస్టమే వేద్దామని మా ఆయన అల్మారాలోంచి ఆ సీడీ తీశాడు.

"ముందుగాల ఫోటోలు వేరే దాంట్ల ఏసుకుందామయ్యా" అన్నాను.

"డీల ఉన్నయ్ గదనే. గింత భయమైతే ఎట్ల?"

ఎప్పుడూ భయపడే మనిషికి ఉన్న చిక్కే ఇది. నిజంగా భయపడాల్సిన రోజున కూడా ఎవరూ వినరు. నా మాట మీద నాకే నమ్మకం లేక ఊరుకున్నాను. స్క్రీన్ మీద నీలం గీత పాకింది. చివరికి పాత కంప్యూటర్‌లో ఉండే పూల బొమ్మ కొత్త ల్యాప్‌టాప్ మీద ప్రత్యక్షమైంది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. నేను డ్రైవ్‌లు తెరిచాను. సీ ఉంది. డీ లేదు.

ఆయన నన్ను పక్కకు జరిపి తానే వెతికాడు. ఆపి మళ్లీ పెట్టాడు. ఆయన మెడ మీద చెమట పట్టింది. ఆయన భయపడటం అంతవరకు నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఫోన్ చేశాడు. ఆ సీడీ పాతదాని కొలతకు చేసిందట. కొత్తదాంట్లో వేసేసరికి డీని కూడా కలిపేసుకుని మొత్తం మీద రాసేసిందట. షాపతను ఏదో సాఫ్ట్‌వేర్‌తో లాగితే రంగు చారలు, సగం పూలదండలు, ఎవరివో చేతులు వచ్చాయట.

"ఆయనది రాలేదే" అన్నాడు. ఆ అమ్మాయి అప్పటికే మా ముందు గదిలో కూర్చుని ఉంది.

మెడలో పుస్తెలతాడు ఇంకా పసుపు వదల్లేదు. మంచినీళ్లిచ్చాను. తిడుతుందనుకున్నాను, శాపం పెడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడి, ఫోటోలు పోయాయని చెప్పేశాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అక్కా, గా ఫోటో నువ్వు సూసినవా?"

"సూసిన."

"ఎట్లున్నడు? పెండ్లిల నేను తల వంచుకొనే కూసున్న. గా రోజు నాయిన మొకం సక్కగ సూడనే లే."

చెప్పాను. భుజం మీద తువ్వాల చెప్పాను, గరిటె దాచుకోవడం చెప్పాను.

"నవ్విండా?"

"నవ్విండు."

"పండ్లు కనవడంగనా?" నా చెయ్యి పట్టుకుంది. "ముంగటి పన్ను ఇరిగిందని నోరు తెరిచి నవ్వకపోతుండె. నా పెండ్లిల నవ్వుత అన్నడు."

ఫోటోను కళ్ల ముందుకు తెచ్చుకున్నాను. తువ్వాల కనిపించింది, గరిటె కనిపించింది. నోటి దగ్గరికి వచ్చేసరికి నాకేమీ కనిపించలేదు. ఆ ఫోటోను ఆగి చూసింది నేనొక్కదాన్నే, నాలో కూడా చెరిగిపోతోంది. ఆమె నా పెదాల వైపే చూస్తోంది.

"కనవడ్డయ్ చెల్లె" అన్నాను.

ఏడుస్తూనే నవ్వింది.