ఏడుపు ఐటం మానేసిన ఏడాది

వినుకొండ బస్టాండు ఎదురుగా నాకొక ఎస్టీడీ బూతు ఉండేది. పగలంతా అక్కడ కూర్చుని ఊళ్ళోవాళ్ళు ఫోనులో అరిచే అరుపులు వినేవాణ్ణి. శని, ఆదివారాల్లో ఆ అరుపులనే స్టేజీ మీద చేసి చూపించేవాణ్ణి. నేను మిమిక్రీ ఆర్టిస్టుని. నాకొక జోడీ ఉండేవాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, సైకిలు షాపు ఆయనది. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను ఏరా అనేవాడు. నేను వెదురుబొంగులా పొడుగ్గా, ఆయన పొట్టిగా గుండ్రంగా ఉండేవాళ్ళం. ఇద్దరం కలిసి స్టేజీ ఎక్కితే నోరు తెరవకముందే సగం మంది నవ్వేవాళ్ళు. మిగతా సగాన్ని నవ్వించడం మా పని.

పెళ్ళి రిసెప్షన్లు, స్కూలు వార్షికోత్సవాలతో పాటు విత్తనాల కంపెనీలవాళ్ళు పెట్టే రైతు మీటింగులకి కూడా మమ్మల్ని పిలిచేవాళ్ళు. కొత్త పత్తి విత్తనం మీద గంట ఉపన్యాసం విన్న మనిషి లేచి వెళ్ళిపోకుండా ఉండాలంటే మధ్యలో మేము ఉండాలి.

అన్న ఐటాల్లో పేరుమోసింది చంటిపిల్ల ఏడుపు. తువ్వాలు మడిచి బిడ్డలా భుజాన వేసుకుని, దానికి నోరు ఆనించి మొదలుపెట్టేవాడు. ఆకలి ఏడుపు, నిద్రొచ్చిన ఏడుపు, చీమ కుట్టిన ఏడుపు, పక్కింటి పిల్ల ఏడుస్తోందని ఊరికే ఏడ్చే ఏడుపు, అన్నీ వేర్వేరుగా చేసేవాడు. కనిగిరిలో ఒకసారి జనంలో కూర్చున్న ఒకావిడ తన బిడ్డే అనుకుని గబగబా లేచి వెతుక్కుంది. బిడ్డ ఆవిడ చంకలోనే ఉంది.

ఆ ఏడుపులు ఆయన నేర్చుకున్నది సొంత కూతురి దగ్గర. ఆ పిల్ల నాలుగో ఏట జ్వరమొచ్చి పోయింది. కర్మకాండ అయిన వారానికి మాకు ప్రోగ్రాం ఉంది. రద్దు చేద్దామన్నాను. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తానురా" అన్నాడు. ఆ రోజు జనం ఏడుపు ఐటం అడిగారు. చేశాడు. ఆ తర్వాత మూడేళ్ళు చేస్తూనే ఉన్నాడు. ఎలా ఉన్నావని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. చెబితే ఏమనాలో నాకు తెలియదు.

ఇది ఇలా ఉండగా నాకు గుండెదడ పట్టుకుంది. మొదటిసారి బూతులోనే వచ్చింది. ఒక పెద్దాయన ఫోనులో కొడుక్కి మిరపనారు సంగతి చెబుతున్నాడు. అందులో కంగారుపడాల్సింది ఏమీ లేదు. ఉన్నట్టుండి నా గుండె దబదబా కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. "పెద్దాయనా, నేను పోతున్నాను" అన్నాను. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "వెళ్ళిరావయ్యా, నేను చూస్తుంటాలే" అన్నాడు.

మూడుసార్లు ఈసీజీ తీయించాను. మూడుసార్లూ బాగానే వచ్చింది. "నీ గుండె గుర్రం లాంటిది" అన్నాడు డాక్టరు. గుర్రం కాబట్టే పరిగెడుతోందేమో అనుకున్నాను. మా ఆవిడ దిష్టి తీసింది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. మా వైపు మిరపకాయల సంగతి చెప్పాలా. ఇంటిల్లిపాదీ, పక్క వాటా వాళ్ళూ, వీధిలో పోతున్న పాలవాడూ అరగంట దగ్గారు. దిష్టి లేదని తేలింది. దడ మాత్రం తగ్గలేదు.

చివరికి డాక్టరు ఒక చీటీ రాసిచ్చాడు. గుంటూరులో మనసుకి వైద్యం చేసే ఆయన ఉన్నాడు, వెళ్ళమన్నాడు. మా వైపు ఆయన్ని పిచ్చి డాక్టరు అంటారు. నలుగురినీ నవ్వించేవాడికి పిచ్చి పట్టిందని తెలిస్తే ఎవరు పిలుస్తారు? అందుకని అన్నకి కూడా చెప్పలేదు. "గురువారం గుంటూరు వెళ్ళి మైకు కొనుక్కొస్తాను" అన్నాను. "వెళ్ళిరా. నేనూ ఊళ్ళో ఉండను. చీరాల వెళ్ళి మీ వదినకి చీర తేవాలి" అన్నాడాయన.

గురువారం పొద్దున్నే తువ్వాలు తలకి చుట్టుకుని బస్సెక్కాను. ఆస్పత్రిలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. ఎవరి ముఖం ఎవరూ చూడటం లేదు. నా ఎదురుగా ఒకాయన పేపరు అడ్డం పెట్టుకుని చదువుతున్నాడు. ఆ పేపరు ఆయన ముఖాన్ని దాచింది గానీ పొట్టని దాచలేకపోయింది. ఆ పొట్ట మీదున్న పచ్చపూల చొక్కా స్టేజీ కోసమని నేను దగ్గరుండి కుట్టించింది.

"అన్నా" అన్నాను.

పేపరు కదల్లేదు. కాసేపటికి దాని వెనకనుంచి, "ఎవరండీ?" అని ఒక ఆడగొంతు వచ్చింది.

"చీరాల గుంటూరుకి ఎప్పుడొచ్చింది?"

పేపరు దిగింది. "మైకులు ఏ గదిలో అమ్ముతున్నారురా?" అన్నాడు.

ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టాడు. "మా బావమరిదిని తీసుకొచ్చాను" అన్నాడాయన.

"ఏడీ?"

"బాత్రూముకెళ్ళాడు. మరి నువ్వు?"

"మా మేనమామని తీసుకొచ్చా."

"ఏడీ?"

"ఆయనా బాత్రూముకే."

అలా రాని మనుషుల కోసం ఇద్దరం ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. అప్పుడు కాంపౌండరు తలుపు తీసి, సంతలో గొర్రెల బేరగాడి గొంతుతో కేకేశాడు. "ఆరో నంబరు, నిద్రపట్టని ఆయన. ఏడో నంబరు, గుండెదడ ఆయన రెడీగా ఉండాలి." అన్న లేచాడు. ఏడో నంబరు చీటీ నా చేతిలో ఉండటం చూశాడు. నా మణికట్టు పట్టుకుని, "నువ్వూ లోపలికి రారా" అన్నాడు. "ఒక్కణ్ణే వెళితే జోకులేసి బయటికొచ్చేస్తాను. రెండుసార్లు అదే చేశా."

డాక్టరు నడివయసు మనిషి. అన్నని చూడగానే, "ఇవాళ జోకులొద్దండి" అన్నాడు. అన్న నోరు తెరిచి మూశాడు. జోకు లేకుండా మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆయనకి తెలియలేదు.

"ఏడుపు చేస్తుంటే నా బిడ్డ గొంతే వస్తుందండీ" అన్నాడు చివరికి. "మానేస్తే ఆ గొంతు కూడా పోద్దేమోనని చేస్తున్నా. చేసినరోజు నిద్ర పట్టదు. చెయ్యని రోజు, మర్చిపోయానేమోనని నిద్ర పట్టదు."

ఆయన కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏడ్చింది నేను. అదీ ముక్కు చీదుతూ, వెక్కుతూ. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇంతకీ మీలో పేషెంటు ఎవరండీ?" అన్నాడు.

"ఇద్దరమూనండీ" అన్నాడు అన్న.

నా సంగతి కూడా మెల్లగా బయటికొచ్చింది. పత్తికి పురుగు తగిలిందనీ, ఈ ఏడు కాపు లేదనీ, పిల్లాణ్ణి చదువు మాన్పిస్తున్నామనీ బూతులో జనం ఫోనులో ఏడ్చేవాళ్ళు. నేను ఆ గొంతులు మాత్రం నేర్చుకుని, మిగతాది వినలేదనుకునేవాణ్ణి. విన్నాను. అంతా లోపలే ఉంది. పక్కనే నిలబడ్డ అన్న బాధ కూడా అందులోనే ఉంది. డాక్టరు నాకు మందులు రాశాడు, ఇద్దరినీ రెండు వారాలకోసారి రమ్మన్నాడు.

తిరుగు బస్సులో అన్న మొదటిసారి కూతురి సంగతులు చెప్పాడు. సైకిలు ట్యూబులో గాలి పోతే దానికి నొప్పేస్తుందని ఏడ్చేదట. పంక్చరు వేసినప్పుడల్లా ట్యూబుకి కొబ్బరినూనె రాసేదట. ఆ నూనెకి అతుకు ఊడిపోయి, బండి తీసుకెళ్ళినవాడు సాయంత్రానికి తిట్టుకుంటూ వచ్చేవాడట. నరసరావుపేట దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఏడ్చాడు. ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగి, "ఏమైందండీ ఆయనకి?" అన్నాడు. "ఏం లేదండీ, కూతురు గుర్తొచ్చింది" అన్నాను. అంత తేలికైన మాట చెప్పడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

రెండు నెలల తర్వాత పొదిలిలో రైతు మీటింగు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షామియానా కింద మా ప్రోగ్రాం. పావుగంట గడిచేసరికి వెనకనుంచి, "ఏడుపు ఐటం చెయ్యవయ్యా" అని మొదలుపెట్టారు. అన్న తువ్వాలు తీసి మడిచాడు. మడిచి కుర్చీ మీద పెట్టాడు.

"అది ఇక చెయ్యనండీ" అన్నాడు మైకులో. "ఆ గొంతు మా అమ్మాయిది. అది పోయి మూడేళ్ళు దాటింది. చేస్తుంటే నాకు కష్టంగా ఉంటోంది. గుంటూరులో డాక్టరు దగ్గరికి కూడా వెళుతున్నా."

కంపెనీ ఆయన నాకేసి గుడ్లురిమి చూశాడు. ఇక దడ వస్తుందనుకుంటూనే మైకు అందుకున్నాను. "ఆయనొక్కడే కాదండీ, నేనూ వెళ్ళాను" అన్నాను. ఆ తర్వాత దిష్టి దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. బాత్రూముకెళ్ళి తిరిగిరాని బావమరిది, మేనమామ సంగతి చెప్పాను. అన్న కాంపౌండరయ్యాడు. "ఏడో నంబరు, గుండెదడ ఆయన" అనేసరికి షామియానా గుంజలు కదిలేలా నవ్వారు. అంత నవ్వు ఏడుపు ఐటానికి కూడా ఎప్పుడూ రాలేదు.

ప్రోగ్రాం అయ్యాక స్టేజీ వెనక్కి ఒక్కొక్కరే వచ్చారు. "ఆ డాక్టరు అడ్రసు ఇవ్వండి, మా బావమరిదికి" అన్నాడొకాయన. వెనకనున్న ఇద్దరిదీ అదే మాట. ఆ రోజుదాకా పొదిలిలో ఇంతమంది బావమరుదులు బాధపడుతున్నారని మాకు తెలియదు. కంపెనీ ఆయన కూడా వచ్చాడు. తిడతాడేమోననుకున్నాను. అటూ ఇటూ చూసి, "మా మేనేజరుకి నిద్ర సరిగ్గా పట్టట్లేదు" అన్నాడు.

అందరికన్నా వెనక నిలబడ్డ ముసలాయన మాత్రం, "నాకేనయ్యా" అన్నాడు. "మా ఇంటిది పోయి రెండేళ్ళు. కాపు ఎలా ఉందని అడిగినవాళ్ళే గానీ నువ్వెలా ఉన్నావని ఎవరూ అడగలా."

అన్న ఆయనకి కుర్చీ వేశాడు, పక్కనే తానూ కూర్చున్నాడు. "ఆవిడ సంగతి చెప్పండి" అన్నాడు. మా బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు కూడా వెళ్ళిపోయింది. నేను ఊరికే టీలు తెస్తూ ఉన్నాను.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. కొన్ని ఊళ్ళవాళ్ళు మమ్మల్ని పిలవడం మానేశారు. ఒక స్కూల్లో హెడ్మాస్టరు గారు అభిమానంతోనే, "పిచ్చి పూర్తిగా తగ్గిన మన కళాకారులు" అని పరిచయం చేశారు. నా మందులు ఏడాదిన్నరకి ఆగాయి. దడ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వస్తే పక్కనున్నవాళ్ళకి చెబుతాను, అది పోతుంది. అన్నకి నిద్ర పట్టడం మొదలైంది. ఎంతగా అంటే, స్టేజీ మీద నా వంతు వచ్చినప్పుడు కుర్చీలోనే కునికేవాడు. జనం అది కూడా ఐటమే అనుకునేవాళ్ళు.

మరుసటి ఏడు చీరాలలో ఒక పెళ్ళిలో చేశాం. వదిన వచ్చింది. పాప పోయాక ఆవిడ మా ప్రోగ్రాంకి రావడం అదే మొదలు. ముందు వరసలో కూర్చుని మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసేసింది. అయిపోయాక అన్న ఆవిడ దగ్గరికెళ్ళి, ముఖంకేసి చూడకుండా, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాగానే ఉంది" అంది వదిన. "ఆ కాంపౌండరు ముక్క మరీ తొందరగా ముగించేశారు. ఇంకొంచెం సాగదియ్యాల్సింది."