నా లాగిన్‌కు కనబడని లెక్క

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డేటాబేసు గురించి రాసిన ఒక లావుపాటి పుస్తకాన్ని నేను కథల పుస్తకం చదివినట్టు చదువుతాను. అశోక్ చౌక్‌లో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నాను. తెలిస్తే నవ్వుతారని దాచుకున్నాను.

కుంఠా నాకా దగ్గర తువ్వాళ్ల కార్ఖానాలో కంప్యూటర్ ఎంట్రీలు నా పని. కుంభారి కాలనీలోని మా ఇంట్లో అమ్మ ఆ తువ్వాళ్లకే అంచులు కుట్టి, సాయంత్రం బస్సులో మూట తెచ్చి అప్పగిస్తుంది. కుట్టు బాగుంటే ఫస్ట్, లోపముంటే సెకండ్. తనిఖీలో ఫస్ట్ అన్నారు కాబట్టి అమ్మ మూటకు ఫస్ట్ అనే కొట్టాను. తెల్లారి రిపోర్టులో సెకండ్ అని వచ్చింది. ఆ తర్వాతి మూటకూ అదే. మరోసారి సెకండ్ వస్తే అమ్మకు పని ఇవ్వనని మేనేజరు అన్నాడు.

నేను కొట్టింది మారుతోందంటే లోపల ఏదో ఫంక్షన్, అంటే ముందే రాసిపెట్టిన లెక్క, దాన్ని మారుస్తూ ఉండాలి. ఆ సాయంత్రం కంప్యూటర్‌ను ఫంక్షన్ల జాబితా, మా కార్ఖానా మాటలో యాదీ, అడిగాను. ఒక్క పేరూ రాలేదు.

మేనేజరు వెనకనుంచి చూశాడు. "యాదీ ఖాళీ ఉన్నది గద బేటీ. లోపలేం లేదు. మీ అమ్మ కండ్లే మసకబడ్డయి."

మూట దించిన అమ్మ అక్కడే నిలబడి ఉంది. చేతులు కొంగులో దాచుకుంది.

జాబితా అడిగే మనిషిని బట్టి వస్తుందని పుస్తకంలో చదివాను. ఏ ఫంక్షన్ మీద మనకు హక్కు ఇవ్వలేదో దాని పేరు కూడా డేటాబేసు మనకు చూపించదు. దాచానని చెప్పదు. ఖాళీ తెర ముందు పెడుతుంది, అంతే.

"ఖాళీ నా లాగిన్‌కే సాబ్. మీ లాగిన్‌తోని చూడుండ్రి."

అవసరం లేదన్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఆయన కూర్చుని చూసేదాకా ఇంకో మూట ఎంట్రీ చెయ్యనన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కూలి డబ్బుల కోసం వరసలో ఉన్న ఆడవాళ్లలో ఒకామె, "చూడరాదుండ్రి సాబ్, కంప్యూటరేమన్న కరుస్తదా?" అంది. అందరూ నవ్వారు.

ఆయన కూర్చున్నాడు. నేను అడిగిందే, అక్షరం మారకుండా, తన లాగిన్‌తో అడిగాడు. పేర్లు బారుగా దిగాయి. ఒకటి తెరిపించాను. పొద్దుగూకాక వచ్చిన సరుకు సెకండ్ అని అందులో ఉంది. అప్పుడు గుర్తొచ్చి మేనేజరే చెప్పాడు: వెనకట తనిఖీ బల్ల దగ్గర వెలుతురు చాలక, చీకటిపడ్డాక వచ్చిన మూటను సెకండ్‌లో పక్కన పెట్టి, తెల్లారి గుమ్మం దగ్గర ఎండలో చూసి ఫస్ట్‌లోకి మార్చేవాళ్లు. బల్ల మీద ట్యూబ్‌లైట్లు వచ్చాక తెల్లారి చూడడం పోయింది. లెక్క మాత్రం లోపలే ఉండిపోయింది. మా కుంభారి బస్సు ఈ మధ్య చేరేదేమో దీపాలు పెట్టాకే.

ఆ లెక్క ఆపించి అమ్మకు కుట్టాల్సిన కొత్త మూట ఇచ్చాడు. జాబితా చూసే హక్కు నాకూ ఇమ్మన్నాను. నీకెందుకన్నాడు. రేపు మళ్లీ అడుగుతానన్నాను.

కొత్త మూట ఎత్తుకుని బస్సెక్కుతూ అమ్మ నావైపు తిరిగింది.

"అడుగు బిడ్డా. ఇంకేమేం దాచిండ్రో అది గూడ అడుగు."