నిలబడని పడవ

2022వ సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. ముమ్మిడివరం బస్టాండుకు కాస్త ఇవతల నా షాపు. బోర్డు మీద బ్యాటరీలు, ఇన్వర్టర్లు అని ఉంటుంది గానీ లోపల సగం సరుకు చెరువులకూ పడవలకూ సంబంధించినదే. రొయ్యల చెరువుల్లో గాలి చిలికే ఏరియేటర్లకు స్విచ్‌లు, పడవలకు జీపీఎస్‌లు, వైర్‌లెస్ సెట్లు, నీటి లోతునూ అడుగున తిరిగే చేపనూ తెర మీద చూపే ఫిష్ ఫైండర్లు. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక దినపత్రికకు ఇక్కడి విలేకరిగా పనిచేశాను. కొన్నాళ్ళు షాపూ వార్తలూ రెండూ నడిపి, చివరికి షాపు ఒక్కటే మిగుల్చుకున్నాను. జనం మాత్రం ఇప్పటికీ రిపోర్టరు గారనే పిలుస్తారు.

ఆ పద్దెనిమిదేళ్ళలో, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ బోల్తా పడిన వార్తలు చాలానే రాశాను. వార్తకు నాలుగు వాక్యాలు. పడవలో ఎందరు, ఒడ్డుకు చేరింది ఎందరు, ఏ ఊరి వాళ్ళు, ఇంకా ఎవరి కోసం గాలిస్తున్నారు. ఐదో వాక్యానికి పేపర్లో చోటుండేది కాదు. అందుకే పడవకు సామాను కావాలని ఎవరైనా వస్తే నేను గబగబా చూపించలేను. ముందు ప్రశ్నలు వస్తాయి.

ఒక రోజు సత్తిబాబు, మంగ షాపుకు వచ్చారు. భార్యాభర్తలు. ఐ.పోలవరం వైపు గోదావరి పాయ ఒడ్డున ఊరు. అతనికి నలభై దాటాయి. కుర్చీలో కూర్చుంటూనే తెరలన్నీ ఒకసారి చూసేశాడు.

"కొత్త పడవండి. ఫైబరు. ఇరవై రెండడుగులు. చేపల టీవీ పెద్దదొకటి చూపించండి."

"టీవీ తర్వాతండి. ముందు నిలబెట్టేది చూపించండి," అంది మంగ నిలబడే.

సంగతి ఏమిటంటే, సత్తిబాబు మడ చెట్ల వేళ్ళ దగ్గర, మునిగిన దుంగల దగ్గర గేలం వేసి పండుగప్ప పడతాడు. ఆ చేప అలికిడికి బెదిరిపోతుంది. పడవ చప్పుడు లేకుండా ఒక్కచోట నిలవాలి. ఎనిమిదేళ్ళుగా తమ్ముడు గెడ వేసి పడవను పట్టి ఉంచేవాడు, అన్న గేలం చూసుకునేవాడు. తమ్ముడు ఆ ఏడు రొయ్యల చెరువు కాపలాకు కుదిరిపోయాడు. దానికి తోడు, క్రితం ఏడాది ఇరుక్కున్న లంగరు లాగుతుంటే సత్తిబాబు కుడి భుజం పట్టేసింది. ఆ చెయ్యి చెవి దాటి లేవదు. ఇకమీదట వెళ్ళేది ఒక్కడే.

ఒక్కడే వెళ్ళేవాడికి ట్రోలింగ్ మోటారు మంచి తోడు. పడవ ముక్కు దగ్గర బిగించే చిన్న కరెంటు మోటారు అది. చప్పుడుండదు. రిమోట్‌తో కావలసిన వైపు నడపవచ్చు. దానిలోనే జీపీఎస్ ఉంటుంది. ఒక మీట నొక్కితే, ఉన్న చోటును గుర్తు పెట్టుకుని, నీరు లాగిన కొద్దీ తనే తిరిగి తిరిగి పడవను అక్కడికి తెస్తుంది. తాడు లేని లంగరు అనుకోవచ్చు.

"ఆ మీట నొక్కితే ఎంతసేపు నిలబడుద్దండీ?" అని మంగ అడిగింది.

"బ్యాటరీ ఉన్నంతసేపమ్మా. నీరు నెమ్మదిగా ఉంటే పూటంతా. పాటు మీద నీరు సముద్రంలోకి గట్టిగా లాగుతుంటే రెండు మూడు గంటలు."

"బ్యాటరీ అయిపోతేనండి?"

"వెనక పెద్ద ఇంజను ఉంటుంది కదా."

"అది స్టార్టు అవ్వకపోతే?"

"లంగరు వేసుకోవడమే."

"ఆ లంగరు ఈయన ఎత్తలేరు కదండీ."

"వెయ్యడానికి ఎత్తడమెందుకే? వదిలేత్తే అదే పోద్ది," అన్నాడు సత్తిబాబు.

"మరి తియ్యడానికి? నేను ఈదుకుంటా రావాలా?"

సత్తిబాబు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

నాకూ అనుభవం తక్కువే. అంతకుముందు అలాంటి మోటార్లు రెండే బిగించాను. రెండూ కాలవల్లో షికారు తిప్పే పడవలకు. మొగ వైపు ఒంటరిగా పోయే మనిషికి ఇదే మొదలు. ఆ మాట దాచకుండా చెప్పాను. పెద్ద తెర వద్దన్నాను. తెర చిన్నదైతే చేప చిన్నగా కనబడుతుంది, అంతే. మోటారు చిన్నదైతే పాటుకు పడవ ఆగదు. పన్నెండు వోల్టులది కాకుండా రెండు బ్యాటరీల మీద నడిచే ఇరవై నాలుగు వోల్టుల మోటారు, ఉప్పునీటికి తట్టుకునే రకం, తీసుకోమన్నాను. మోటారుకు ఏదైనా చుట్టుకుని బిగిసిపోతే కరెంటు కోసేసే బ్రేకరు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక లైఫ్ జాకెట్టు కూడా పెట్టించాను. జాకెట్టు మంగ అక్కడే తొడిగించి చూసింది.

"పెళ్ళికొడుకుని చేసినట్టు చేత్తన్నావే," అన్నాడు సత్తిబాబు.

"ఆ రోజూ ఇలాగే నిలబడలేదు మీరు. కదలకండి," అంటూ బకిల్ బిగించింది.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళ ఒడ్డుకు వెళ్ళి బిగించాను. ఈ మోటారుకు హెడింగ్ సెన్సర్ అని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఉంటుంది. పడవ ముక్కు ఎటు ఉందో మోటారుకు చెప్పేది అదే. పాతకాలపు దిక్సూచిలోని ముల్లు చేసే పని ఇది చేస్తుంది. ఇనుము దగ్గరికొస్తే ముల్లు ఎలా తప్పుతుందో ఇదీ అలాగే తప్పుతుంది. వెనక ఇంజనుకు దూరంగా ఉండాలని ముక్కు కింద ఉన్న చిన్న అరలో, గోడకు ఆనించి బిగించాను. తర్వాత పడవను నీళ్ళలో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి సెన్సర్‌కు దిక్కులు నేర్పాను. మీట నొక్కాం. పడవ బారెడు అటూ ఇటూ కదులుతూ అక్కడే నిలబడింది.

"సత్తిబాబూ, ఈ అర లోపల ఇనుము ఏదీ పెట్టకు. కత్తి, గొలుసు, లంగరు ఏదీ వద్దు."

"ఆయ్. అలాగేనండి."

మంగ అప్పుడు అక్కడ లేదు. మర్నాడు పడవకు పూజ. ఇంట్లో ఆ పనుల్లో ఉంది. నన్నూ రమ్మన్నారు. షాపు వదిలి మళ్ళీ అంత దూరం ఏం వెళ్తాంలే అనుకున్నాను. మా పనిలో అలవాటే అది. బిగించి, నడిపి చూపించి, సంచీ సర్దుకుని వచ్చేస్తాం. పూజ ఇంటివాళ్ళది.

పూజ మర్నాడు పొద్దున్న తొమ్మిది దాటాక సత్తిబాబు నుంచి ఫోను వచ్చింది.

"రిపోర్టరు గారండీ, నిలబడట్లేదండి."

"ఏది?"

"పడవండి. మీట నొక్కేనండి. ఆగినట్టే ఆగి గుండ్రంగా తిరిగేత్తందండి. చుట్టు చుట్టుకీ నీటి వాలుకి కిందకి పోతందండి."

"ఎక్కడున్నావు?"

"ఇసక తిన్నె కనపడతందండి."

ఇసుక తిన్నె కనబడుతోందంటే మొగకు దగ్గరగా ఉన్నాడు. పాటు సమయం. నీరంతా సముద్రం వైపు లాగుతూ ఉంటుంది. తిన్నె మీద అలలు విరుగుతాయి. నేను వార్తల్లో రాసిన పడవలన్నీ దాదాపు అక్కడే తిరగబడ్డాయి.

"మీట ఆపెయ్. మోటారు పైకి లేపెయ్. వెనక ఇంజను స్టార్టు చేసుకుని వచ్చెయ్."

"చేసేనండి, తిరగట్లేదండి. పడవ చుట్లు తిరిగినప్పుడు నా గేలం తాడే ఇంజను ఫంకాకి చుట్టేసుకుందండి."

"అయితే లంగరు..."

లైను తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

షాపు పక్కవాళ్ళకు అప్పగించి బండి తీశాను. అరగంట దారి. సగం దూరం వెళ్ళాక తట్టింది నేనేం చెప్పానో. చెడింది మీట ఒక్కటే. దిక్కు తెలియకపోతే మోటారు తనంతట తాను పడవను నిలబెట్టలేదు. కానీ మనిషి రిమోట్ పట్టుకుని నడిపితే మామూలుగానే నడుస్తుంది. ఇంజను తిరగని పడవలో అతన్ని ఒడ్డుకు తేగలిగింది ఆ మోటారు ఒక్కటే. దాన్నే నీళ్ళలోంచి పైకి తీసెయ్యమన్నాను. దారి పక్కన బండి ఆపి మళ్ళీ ఫోను చేశాను. కలవలేదు. ఎన్నో పడవల వార్తలు రాసినవాణ్ణి, మనిషికి అవసరమైన ఒక్క మాట సరిగ్గా చెప్పలేకపోయాను. మిగతా దారంతా నా తలలో ఆ నాలుగు వాక్యాలే తిరిగాయి. పడవలో ఒకరు. అక్కడ ఆపి మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి.

ఒడ్డున పదిమంది ఉన్నారు. వైర్‌లెస్‌లో సత్తిబాబు పిలుపు విని ఇద్దరు మనుషులు వేరే పడవలో అప్పటికే బయలుదేరారట. మంగ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసిపోయినా పట్టించుకోవడం లేదు. నన్ను చూసి ఒక్క మాటే అంది.

"నిలబడుద్దన్నారు కదండీ అన్నయ్యగారూ."

వెళ్ళి ఆమె పక్కన నీళ్ళలో నిలబడ్డాను. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. గడియారం చూడబుద్ధి కాలేదు. మలుపు దగ్గర ముందు బయలుదేరిన పడవ కనబడింది. దాని పక్కన ఇంకొకటి. రెండో దానిలో మనిషి ఉన్నాడని ముందు ఆమెకే కనబడింది. వంగి నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కుంది.

సత్తిబాబు దిగుతూనే నా వైపు చూసి, "పైకి లేపమన్నారు గానండి, ఇంక నా చేతిలో ఉన్నది అదే గదండీ," అన్నాడు. "ఆగడం మానేసింది గాని నడవడం మానలేదండి. రిమోటు నొక్కుకుంటా మడ చెట్లలోకి కొట్టేసేనండి. అక్కడ వేళ్ళకి పడవ కట్టేసి, ఫంకాకున్న తాడు కోసేను. అప్పుడు ఇంజను లేచింది."

కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఊపిరి కుదుటపడ్డాక పడవ ఎక్కాను. బ్యాటరీలు సరిగ్గానే ఉన్నాయి. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. ముక్కు కింద అర తెరిచాను. సత్తిబాబు నా మాట అక్షరాలా పాటించాడు. మేకు ముక్క కూడా లేదు. కానీ తెర మీద పడవ బొమ్మ ముక్కు సముద్రం వైపు చూపిస్తోంది. అసలు పడవ ఊరి వైపు ముఖం పెట్టి ఉంది. మోటారు కళ్ళకు గంతలు కట్టినట్టే అయింది. ఎటు నెట్టాలో తెలియక, తప్పు దిక్కుకు నెట్టి, దూరం పోయాననుకుని ఇంకాస్త గట్టిగా నెట్టింది.

సంచీలో ఒక చిన్న దిక్సూచి ఉంటుంది. దాన్ని పట్టుకుని పడవ మీద వెనక నుంచి ముందుకు నడిచాను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ముల్లు గిర్రున తిరిగింది. ముక్కు చుట్టూ పూజలో కట్టిన పసుపు గుడ్డ, దాని మీద బంతిపూల దండ ఉన్నాయి. దండ పక్కకు తీసి గుడ్డ ఎత్తాను. కింద గుర్రపు నాడా. నాలుగు ఇనుప మేకులతో గట్టిగా దిగ్గొట్టి ఉంది. దానికి అటువైపు, వేలెడు మందం గోడ అవతల, నా సెన్సర్.

"మీరు లోపల అన్నారండి. ఇది బయట గదండీ," అన్నాడు సత్తిబాబు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు.

"నేనేనండి కొట్టించింది," అంది మంగ. "ఒక్కరే వెళ్తున్నారు కదండీ. కొత్త పడవ, అందరి కళ్ళూ దాని మీదే. ఏదన్నా తోడుండాలని కొట్టించేను. నా చేత్తో నేనే పంపేసేదాన్ని కదండీ."

"లేదమ్మా. ఇనుము పెట్టొద్దని చెప్పింది సత్తిబాబుకు. నీకు చెప్పలేదు. తప్పు నాది," అన్నాను. ఆమెను ఊరడించడానికి అన్న మాట కాదది. షాపులో గంటసేపు ఆమె అడిగినవన్నీ భయంతోనే అడిగింది. అంత భయపడే మనిషి పడవకు తన వంతుగా ఏదో ఒకటి చెయ్యకుండా ఉంటుందా? విలేకరిగా ఉన్నప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడకుండా వచ్చేవాణ్ణి కాదు. షాపు పెట్టాక ఆ అలవాటు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

"ఆ నాడా ఉండబట్టే బతికొచ్చేనంటాది చూడండి రేపు," అన్నాడు సత్తిబాబు.

"అనకేం? అంటాను," అంది మంగ. ఆ రోజు ఆమె నోట మామూలు మాట వినడం అదే మొదలు.

నాడా పారెయ్యమని నేను అనలేదు. పడవ వెనక, సెన్సర్‌కు ఇరవై అడుగుల దూరంలో చోటు చూపించాను. అక్కడ ఉంటే మోటారుకు ఏ ఇబ్బందీ లేదు. ఈసారి మేకులు ఆమే కొట్టింది. తర్వాత ముగ్గురం పడవ ఎక్కి, ఒడ్డుకు దగ్గర్లోనే మళ్ళీ రెండు చుట్లు తిప్పాం. రిమోట్ ఆమె చేతికిచ్చాను.

"ఇదేనా అండి మీట?"

"ఆయ్, అదే. నొక్కమ్మా."

నొక్కింది. పాటు ఇంకా లాగుతూనే ఉంది. పడవ కొంచెం వెనక్కి జారింది. మోటారు సన్నగా మూలిగి దాన్ని ముందుకు తెచ్చింది. మంగ తెర వైపు చూడలేదు. ఒడ్డున వల కోసం పాతిన వెదురు గెడ ఒకటి ఎంచుకుని, కళ్ళు దాని మీదే పెట్టింది. మేమిద్దరం ఎంతసేపు మాట్లాడుకున్నా అటే చూస్తూ కూర్చుంది. చివరికి రిమోట్ భర్త చేతిలో పెట్టి, "రేపటికి ఛార్జింగు పెట్టుకోండి," అంది.

అప్పటి నుంచి నా పని తీరు కొంచెం మారింది. పూజ కాకముందు పడవకు మోటారు బిగించను. బిగించడానికి వెళ్ళినప్పుడు డ్రిల్లు బయటకు తీయకముందే, ఈ పడవ వెళ్తుంటే ఇంట్లో ఎక్కువ భయపడేది ఎవరని అడుగుతాను. మగవాళ్ళు నవ్వుతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, తర్వాత ఎవరో ఒకరు ఇంటి వైపు చెయ్యి చూపిస్తారు. ఆ మనిషి ఒడ్డుకు వచ్చేదాకా ఆగుతాను. ఆ చిన్న సెన్సర్ డబ్బాను ముందు ఆమె చేతిలో పెట్టి, అప్పుడు చెప్పడం మొదలుపెడతాను.